సిమెంటు ధరపై సర్కారు అదుపు ఎలా పోయింది?

గుంటూరు, విజయవాడల్లో సిమెంటు బస్తా ధర పెరిగినప్పుడల్లా ప్రభుత్వం జోక్యం చేసుకోవాలని బిల్డర్లు కోరుతుంటారు. ప్రభుత్వమే ధర కట్టిన కాలం ఎలా ఉండేదో ఇక్కడి పాత తరానికి తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైన సిమెంటు నియంత్రణ, 1966, 67ల్లో కాస్త సడలి, 1968లో మళ్లీ బిగిసింది. ఏ ఫ్యాక్టరీకి ఎంత ధర ఇవ్వాలో, ఏ రాష్ట్రానికి ఎంత కోటా వెళ్లాలో కేంద్రమే తేల్చేది. రవాణా ఖర్చును దేశమంతటా సమంగా పంచడంతో, సున్నపురాయి నిల్వలకూ మాచర్ల, తాడేపల్లి ఫ్యాక్టరీలకూ పక్కనే ఉన్నా ఈ ప్రాంతంవారికి బస్తా మీద పైసా కలిసిరాలేదు. ఇల్లు కట్టాలంటే మంజూరైన ప్లాను జతచేసి పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. వచ్చిన బస్తాలు శ్లాబుకు చాలకపోతే బ్లాకులో కొనాలి, లేదా సిమెంటును శ్లాబుకే దాచి గోడలు గానుగ సున్నంతో లేపాలి. కట్టిన ధర గిట్టుబాటు కాక కొత్త ఫ్యాక్టరీలకు పెట్టుబడి రాలేదు, ఆ కొరతనే చూపి నియంత్రణను కొనసాగించారు.

కోటా చేతిలో ఉన్నవారికి అది ఎంతటి అధికారమో మహారాష్ట్రలో బయటపడింది. సిమెంటు కేటాయింపులకు బదులుగా ట్రస్టులకు విరాళాలు తీసుకున్నారన్న వివాదంలో హైకోర్టు తీర్పు రాగా, 1982 జనవరిలో ముఖ్యమంత్రి అంతులే రాజీనామా చేశారు. ఆ ఫిబ్రవరి 28న కేంద్రం పాక్షికంగా అదుపు తీసేసింది: పాత ఫ్యాక్టరీలు ఉత్పత్తిలో మూడింట రెండు వంతులు, కొత్తవి సగం లెవీగా, అంటే ప్రభుత్వం కట్టిన ధరకు ప్రభుత్వానికే ఇచ్చి, మిగతాది బహిరంగ మార్కెట్లో అమ్ముకోవచ్చు. లెవీ వాటా క్రమంగా తగ్గి, 1989 మార్చి 1న ధర, పంపిణీ నియంత్రణలు పూర్తిగా పోయాయి. అప్పటికి దేశంలో సిమెంటు ఉత్పత్తి 1982తో పోలిస్తే దాదాపు రెట్టింపయింది. సంస్కరణలన్నీ పీవీ హయాంలోనే మొదలయ్యాయన్న మాట సిమెంటు విషయంలో సగమే నిజం. 1991 జులైలో పోయింది ఫ్యాక్టరీ పెట్టడానికి కావలసిన లైసెన్సు మాత్రమే.

అదుపు పోయినంత మాత్రాన పోటీ దానంతటదే రాలేదు. బిల్డర్ల సంఘం ఫిర్యాదుపై విచారించిన కాంపిటీషన్ కమిషన్, కంపెనీలు కుమ్మక్కయ్యాయని తేల్చి 2012లో రూ.6,000 కోట్లకు పైగా జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని కొట్టేసి మళ్లీ విచారించమనగా, 2016లో కమిషన్ తిరిగి జరిమానా విధించింది. దాన్ని 2018లో జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌ఏటీ) సమర్థించడంతో కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి.