ముందు నీళ్లు, తర్వాతే చేపలు

చిరంజీవులు చింటూకి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పుట్టినరోజుకి చేపల తొట్టి కొనిపెడతానని నాన్న ఒప్పుకున్నాడని మీ అమ్మ చెప్పింది. షాపులో గుండ్రటి గాజు గిన్నె చూసి వచ్చారట, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు వేసుకుంటే చాలని షాపతను అన్నాడట. భీమవరం చెరువుల గట్ల మీద శీలావతిని, బొచ్చెని పెంచి బతికినవాణ్ణి, మనవలు చేపలు పెంచుతామంటే నోరు మూసుకుని ఎలా ఉంటాను? ఫోన్లో చెబితే సగం వింటారు, సగం మర్చిపోతారు. అందుకే ఉత్తరం.

మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. పుట్టినరోజు నాడు తొట్టి కొనుక్కోండి, నీళ్లు పోయండి, ఫిల్టరు పెట్టండి. చేపలు మాత్రం ఆ రోజు వద్దు. నెల, నెలన్నర ఆగాలి. ఒరేయ్ చింటూ, మొహం మాడ్చుకోకు. ఎందుకో విను.

చేప తిన్న మేత అరిగాక ఒంట్లో అమ్మోనియా తయారవుతుంది. మన ఒంట్లో అయితే అది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. చేప ఆ శ్రమ పడదు, చాలావరకు మొప్పల్లోంచే నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే అమ్మోనియా. అది చేపకి విషం, మొప్పల్ని పాడుచేస్తుంది. ఎకరం చెరువులో అయిదడుగుల నీళ్లు నిలబెడితే 60 లక్షల లీటర్ల పైమాటే, అయినా అక్కడ కూడా రైతులు అమ్మోనియా పరీక్షలు చేయించుకుంటూనే ఉంటారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 55 లీటర్లు. మీరు చూసొచ్చిన గిన్నె సంగతి మీరే ఆలోచించండి.

ఈ విషాన్ని విరిచేది కంటికి కనపడని బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ నైట్రైటూ చెడ్డదే. చేప రక్తంలోకి చేరి ఆక్సిజన్ మొయ్యనివ్వదు, రక్తం ఎరుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకి ఊపిరాడదు. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. దానితో అంత భయం లేదు. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి కొత్తవి పోస్తే సరిపోతుంది, తొట్టిలో మొక్కలుంటే అవీ కొంత పీల్చుకుంటాయి.

ఈ బాక్టీరియా ఫిల్టరులో ఉండే స్పాంజికీ, అడుగున వేసిన గులకరాళ్లకీ పట్టుకుని మెల్లగా పెరుగుతుంది. దాని పెంపకానికే ఈ నెలన్నర. ఖాళీ తొట్టిలో ఫిల్టరు రాత్రీ పగలూ ఆడనిచ్చి, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, బాక్టీరియాకి అదే తిండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లోనైనా చాన్నాళ్లుగా జబ్బులేవీ లేకుండా నడుస్తున్న తొట్టి ఉంటే వాళ్ల ఫిల్టరులోంచి చిన్న స్పాంజి ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టుకోండి. పాలల్లో తోడు వేసినట్టే, పని త్వరగా అవుతుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? అక్వేరియం షాపుల్లో చుక్కల మందుతో అమ్మోనియా పరీక్షించే కిట్, నైట్రైట్‌కి అలాంటిదే ఇంకోటి దొరుకుతాయి. బుజ్జమ్మా, ఈ పని నీది. చిన్న గాజు గొట్టంలో గీత దాకా తొట్టి నీళ్లు పోసి, కాగితంలో రాసినన్ని చుక్కలు వేసి, మూత పెట్టి కుదిపి, చెప్పినంతసేపు ఆగాలి. తర్వాత గొట్టాన్ని కిటికీ వెలుగులో తెల్ల కాగితానికి ఆనించి, రంగుల కార్డుతో పోల్చి చూడాలి. చాలా అమ్మోనియా కిట్లలో పసుపుగా ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చ దిగితే ఉన్నట్టు. మొదటి రోజుల్లో ఆకుపచ్చ ముదురుతుంది, తర్వాత పలచబడుతుంది. మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయంటే తొట్టి సిద్ధమైనట్టు. ఆ మందు చుక్కలు చేతికి తగలకూడదు, పక్కన అమ్మ ఉండాలి.

గోల్డ్‌ఫిష్ మాట. అది మన శీలావతి, బొచ్చెల కుటుంబమే. చైనాలో వెయ్యేళ్ల పైనుంచీ పెంచుతున్నారు. బాగా చూసుకుంటే జానెడు పెరుగుతుంది, పదేళ్ల పైన బతుకుతుంది. ఇంగ్లండులో ఒక గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. అంత చేపని గిన్నెలో పెట్టడమంటే నా దృష్టిలో శిక్ష వెయ్యడమే. పైగా తిండి ఎక్కువ, మురికీ ఎక్కువ. మీ తొట్టికి అది వద్దు.

గప్పీలు తీసుకోండి. దోమల పిల్లల్ని తింటాయని మునిసిపాలిటీ వాళ్లు కాలవల్లో, బావుల్లో వదిలేవి ఇవే. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. నెలకొక ఈత, ఈతకి ఇరవై ముప్ఫై పిల్లలు మామూలే. మగదానితో ఒకసారి కలిస్తే చాలు, ఆడ గప్పీ ఆ తర్వాత నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. తొట్టి నిండిపోయి మీ అమ్మ నాకు ఫోన్ చెయ్యకుండా ఉండాలంటే మగవి మాత్రమే తెచ్చుకోండి. గుర్తుపట్టడం తేలిక. మగది చిన్నది, తోక రంగురంగులుగా ఉంటుంది. పొట్ట కింద వెనకవైపు ఉండే రెక్క మగదానికి పుల్లలా సన్నగా వెనక్కి వాలి ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుంటుంది. ముందు అయిదారు చాలు. అవి కుదురుకున్నాక గీతల జీబ్రా డానియోలు ఓ ఆరు వేసుకోవచ్చు. అవి మన దేశపు చేపలే, గుంపుగా ఉంటేనే హుషారు.

ఫైటర్ చేప కావాలని చింటూ అడుగుతాడని తెలుసు. థాయిలాండ్ దాన్ని 2019లో తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మన కొర్రమీనులాగే పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే షాపుల్లో దాన్ని చిన్న కప్పుల్లో పెట్టి అమ్ముతారు. బతికున్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. దానికి కనీసం 20 లీటర్ల విడి తొట్టి కావాలి. రెండు మగవాటిని కలిపారో, తన్నుకు చస్తాయి. గప్పీల పొడుగాటి తోకలు చూసినా ఊరుకోదు. ఈ ఏడాదికి వదిలెయ్యి.

ఇక పోసే నీళ్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పలకీ చేటు, మనం పెంచిన బాక్టీరియాకీ చేటు. వెడల్పు బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే ఎగిరిపోతుంది. లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకోవచ్చు. బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, వాటినీ ఒక రాత్రి ఉంచి బాగా కలిపి పోయాలి. బకెట్ అంచున తెల్లగా పొర కట్టే ఉప్పు నీళ్లు గప్పీలకి పడతాయి. ఆర్వో నీళ్లు మాత్రం పోయకండి, చేపలకి కావలసిన లవణాలు వాటిలో ఉండవు. నీళ్లు మార్చేటప్పుడు స్పాంజిని కుళాయి కింద తోమారంటే నెలన్నర కష్టం గంగపాలు. తీసిన తొట్టి నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టెయ్యండి. సబ్బు ఆ చుట్టుపక్కలకే రాకూడదు.

మేత రోజుకి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. రెండు నిమిషాల్లో తినేసేటంత. మిమ్మల్ని చూడగానే అద్దం దగ్గరికి వచ్చి తోకలూపుతాయి, ఆకలేమో అని జాలిపడి మళ్లీ వెయ్యకండి. ఒక పూట పస్తున్నా చేపకేం కాదు. తొట్టిలో చేపలు తిండి లేక పోవడం అరుదు, తిండి ఎక్కువై పోవడమే ఎక్కువ.

చెరువుల దగ్గర మేం భయపడేది తెల్లవారుజాముకి. రాత్రంతా నాచూ చేపలూ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి, ఎండ వచ్చేదాకా కొత్తది పుట్టదు. టార్చి వేసి చూస్తే చేపలన్నీ నీటి మీదికి మూతులు పెట్టి గుటకలు వేస్తుంటాయి. వెంటనే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు వెయ్యకపోతే పొద్దున్నకి చెరువు తెల్లగా తేలుతుంది. మీ తొట్టిలో అదే గుర్తు ఎండాకాలం మధ్యాహ్నం కనపడొచ్చు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాములకి పైగా ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీలకి అది 7కి పడిపోతుంది. అప్పుడు తొట్టి మూత తీసి, నీటి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు గడ్డలు వెయ్యొద్దు, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోవడం మంచిది. అది లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి అందులోనే పోస్తూ ఉండండి.

దోమల చక్రాలు, బొద్దింకల స్ప్రేలు తొట్టి ఉన్న గదిలో వాడొద్దని నానమ్మ మాటగా అమ్మకి చెప్పండి, నా మాటగా అయితే వినదు. ఆ మందులు మనుషులకంటే చేపలకి ఎన్నో రెట్లు విషం, ఎయిర్ పంపు ఆ గాలినే లాగి నీళ్లలోకి వదులుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీసెయ్యాలి, ఈ విషయంలో మాత్రం గారాబం లేదు. 55 లీటర్ల నీళ్లంటే 55 కిలోలు, గాజూ రాళ్లూ కలిస్తే 70 దాటుతుంది, కాబట్టి చదువుకునే బల్ల మీద పెట్టొద్దు. ఎండ నేరుగా పడే చోటా వద్దు, నాచు పట్టేస్తుంది.

అద్దం శుభ్రం చేస్తుందని షాపతను నల్లటి సక్కర్ చేపని అంటగడతాడు. వద్దనండి. అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక జనం చెరువుల్లో, కాలవల్లో వదిలేస్తే ఇప్పుడు కృష్ణా నీళ్లలో కూడా పాకింది. మనవాళ్లు దెయ్యం చేప అంటున్నది దాన్నే. ఒంటినిండా ముళ్లు, వలలో పడితే వల చిరిగిపోతుంది. తినడానికీ పనికిరాదు, కొనేవాడూ ఉండడు. మీ తొట్టిలో చేప ఏదైనా ఎక్కువైతే షాపుకి తిరిగివ్వండి లేదా స్నేహితులకివ్వండి. హుస్సేన్‌సాగర్‌లోనో ఊరి చెరువులోనో వదిలితే నేను ఊరుకోను.

మీ ఇంటికి వచ్చేవి మంజీరా నీళ్లా, కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా? నాన్నని అడిగి ఆదివారం ఫోన్లో చెప్పండి. తొట్టి ఏ గోడ పక్కన పెడదామనుకుంటున్నారో ఒక ఫోటో కూడా పంపండి, ప్లగ్గు ఎక్కడుందో అందులో కనపడాలి.

ఇట్లు,
మీ తాతయ్య