ఖాకీ ప్యాంటు నడుము కొలత

శ్రీకాకుళం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఇనప్పెట్టెలోని నా పాత ఖాకీ ప్యాంట్లు మూడు పైకి తీసి, "ఒక్కొక్కటి ఒక్కో కొలత ఉందేమిటి తాతా?" అని నవ్వారు. పాలకొండ రోడ్డు మీద 28 ఏళ్ళు బస్సు నడిపిన నా నడుము ఎలా పెరిగిందో, చివరకు గుండెకు స్టెంటు (మూసుకుపోయే రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) ఎందుకు వేయవలసి వచ్చిందో కొంతవరకు అవే చెబుతాయి.

కొవ్వంతా చెడ్డది కాదు. చర్మం కింద ఉండేది చాలావరకు శరీరం దాచుకున్న నిల్వ. చిక్కంతా పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరే కొవ్వుతోనే. అది గాదెలో ధాన్యంలా ఊరికే పడి ఉండదు. దానినుంచి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి వెళ్ళే రక్తంలోకి దిగుతూ ఉంటాయి. వాటిని కాలేయం ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా మార్చి మళ్ళీ రక్తంలోకి వదులుతుంది. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ అనే హార్మోన్ మాటను శరీరం సరిగా వినదు. చక్కెర, రక్తపోటు పెరుగుతాయి. ఇలా దెబ్బతిన్న రక్తనాళం గోడలోకి చెడ్డ కొలెస్టరాల్ చొరబడి, కాలువలో పూడికలా ఏళ్ళ తరబడి పేరుకొని, ఒకనాడు దాని పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెపోటు చాలావరకు ఇలాగే వస్తుంది.

సన్నగా ఉన్నామని ధీమా పడడానికీ లేదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే పోల్చి చూపించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 22.3, కొవ్వు మాత్రం మనవాడికి 21.2 శాతం, ఆయనకు 9.1 శాతం. ఇలా సన్నగా కనిపించినా మనవారికి లోపల కొవ్వు ఎక్కువ ఉండవచ్చు కనుకే మన దేశంలో పెద్దవారి నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. (మీరు టేపు వెతకకండి, ఇది పెద్దల లెక్క.)

లండన్‌లోనే జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో ప్రకటించాడు. డ్రైవర్ల లావే కారణమేమోనని తరువాత యూనిఫాం ప్యాంట్ల కొలతలు కూడా తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు పెద్దవే. కాని సన్నవారిని సన్నవారితో, లావువారిని లావువారితో పోల్చినా కండక్టర్లే మెరుగు. మా బస్సుకు పై అంతస్తు లేకపోయినా, రద్దీలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగే మా కండక్టరు ప్యాంటు కొలత మారినట్టు నాకు గుర్తులేదు. నేను మాత్రం సీటు దొరికిన అదృష్టవంతుణ్ణని మురిసిపోయేవాణ్ణి.

పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం అంతగా ఎదురుచూడకుండా రక్తంలోని చక్కెరను లాగుకొంటుంది. ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, రక్తపోటు దిగుతుంది. తూకం అంతగా కదలకపోయినా లోపలి కొవ్వు కరుగుతుంది. వైద్యులు సరేనన్నాక రోజూ నాగావళి ఒడ్డున నడుస్తున్న నాకు బరువు రెండు కిలోలే తగ్గింది గాని, మీరు తీసిన రెండో ప్యాంటు ఇప్పుడు పడుతోంది.

మీ వయసువారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల చురుకైన ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీకది కష్టమేమీ కాదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునే మీ నాన్నకు ఈ చివరి వాక్యం రెండుసార్లు చదివి వినిపించండి.

మీ తాతయ్య