తాతయ్య నోట్లో ఒంటారియో నీళ్ళు

టొరంటో,
జులై, ఆదివారం

చిరంజీవులు పెద్దదానికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా వెనకాల నీళ్ళు చూసి "అది సముద్రం కదా తాతయ్యా, లేక్ అంటావేంటి?" అని చిన్నోడు దబాయించాడు. గాలి హోరులో నా మాట వాడికి వినపడలేదు. ఈలోగా అమ్మమ్మ ఫోన్ లాక్కుని, మీరు పెరుగన్నం తిన్నారా లేదా అని మొదలెట్టింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నిజానికి నాకూ అదే అనుమానం వచ్చింది. ఆ రోజు మామయ్య మమ్మల్ని ఫెర్రీ ఎక్కించి టొరంటో ఐలండ్స్‌కి తీసుకెళ్ళాడు. ఊరికి ఎదురుగానే, పావుగంట ప్రయాణం. ఒకప్పుడు అది దీవి కాదట, ఒడ్డుని అంటుకుని ఉన్న ఇసుకమేట. 1858లో వచ్చిన తుఫాను ఆ మెడని తెంపేసింది. సొంత కార్లు అక్కడికి రానివ్వరు. నడకో, సైకిలో. ఊరివైపు నుంచుంటే సీఎన్ టవర్, అద్దాల మేడలు కనిపిస్తాయి. దీవికి అడ్డంగా నడిచి రెండోవైపుకి వెళ్తే ఎదర ఇక ఏమీ లేదు. నీళ్ళు, ఆకాశం, అంతే. మంగినపూడి బీచ్‌లో లాగే అలలు వస్తున్నాయి. ఎవరూ చూడట్లేదని వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పటి మంచినీళ్ళు! అత్తయ్య చూడనే చూసింది. "మావయ్యగారూ, మీరు కూడానా!" అంది. అప్పటిదాకా వాళ్ళ పిల్లనే కోప్పడుతోంది మరి.

ఈ లేక్ పేరు ఒంటారియో, దాదాపు 19,000 చదరపు కిలోమీటర్లు. జిల్లాలు విడగొట్టకముందు ఉన్న పశ్చిమ గోదావరి, కృష్ణా రెండూ కలిపి ఇందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఇంత చేసీ, ఇక్కడి అయిదు పెద్ద లేకుల్లో వైశాల్యంలో ఇదే చిన్నది.

మరి ఉప్పెందుకు లేదు? మన కొల్లేరునే తీసుకోండి. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేరులోంచి సముద్రానికి పోతాయి. కానీ కొల్లేరుకీ సముద్రానికీ ఎత్తులో పెద్ద తేడా లేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే చాలు, పోటు మీద ఉప్పునీరు అదే దారిలో ఎదురెక్కి వస్తుంది. మన రైతులనడిగితే ఆ బాధ కథలు కథలుగా చెప్తారు. ఒంటారియో అలా కాదు, సముద్రమట్టానికి 75 మీటర్ల ఎత్తున ఉంది. ఈరీ అనే లేక్ ఇంకా పైన ఉంది. దాని నీళ్ళే నయాగరా నదిగా వచ్చి, జలపాతమై దూకి ఇందులో పడతాయి. ఇక్కణ్ణుంచి సెయింట్ లారెన్స్ నదిగా అట్లాంటిక్‌కి పోతాయి. నీళ్ళు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి ఉప్పు పేరుకోదు. సముద్రం ఇంత ఎత్తు ఎక్కి రానూ లేదు.

ఇంకో వింత చెప్తాను. శుక్రవారం బీచ్‌లో మామయ్య కూతురు గంటసేపు నీళ్ళలో ఆడింది. రాత్రంతా గాలి వీచింది. శనివారం అదే చోట నేను పాదం పెడితే ఐసులో పెట్టినట్టు జివ్వుమంది! ఉత్తరం, పడమర నుంచి గాలి గట్టిగా వీస్తే పైనున్న వెచ్చటి నీళ్ళు ఒడ్డు వదిలి లోపలికి పోతాయి. వాటి చోటులోకి అడుగునుంచి చల్లవి లేచి వస్తాయి. మంచినీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు, అందుకే అడుక్కి చేరతాయి. ఎంత ఎండ కాసినా ఆ లోతుకి వేడి అందదు.

ఆ చలవని వీళ్ళు ఊరికే పోనివ్వలేదు. 83 మీటర్ల లోతునుంచి పెద్ద గొట్టాలతో ఆ నీళ్ళు లాగి, 2004 నుంచి ఊరి మధ్యలో ఉన్న పెద్ద పెద్ద మేడలని చల్లబరుస్తున్నారు. లేక్ నీళ్ళు మేడల్లోకి వెళ్ళవు. పాలగ్లాసు చల్లారడానికి అమ్మ చన్నీళ్ళ గిన్నెలో పెడుతుంది కదా, అదే పద్ధతి. సన్నటి రేకులకి ఈవైపు లేక్ నీళ్ళు, ఆవైపు మేడల నీళ్ళు పారతాయి. ఒకదాని చలవ ఇంకోదానికి పోతుంది, నీళ్ళు మాత్రం కలవవు. చలవ ఇచ్చేశాక లేక్ నీళ్ళని పారబొయ్యరు, ఊరి కుళాయిలకి పంపుతారు. ఏసీకీ తాగడానికీ ఒకే నీళ్ళు! నాకైతే 553 మీటర్ల సీఎన్ టవర్ కంటే ఇదే గొప్పగా అనిపించింది. టవర్ పైన అద్దం నేల ఉంది. అమ్మమ్మ దాని అంచుదాకా వచ్చి, "నా కాళ్ళు నా మాట వినట్లేదు" అని వెనక్కి తిరిగింది.

అమ్మమ్మకి ఇక్కడ అసలు టెన్షన్ ఏంటో తెలుసా? సాయంత్రం దీపం ఎప్పుడు పెట్టాలో తెలియకపోవడం. తొమ్మిది కావస్తున్నా పొద్దు కుంకదు. మొదటి వారం ఎండలోనే దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని పడుకుంది.

మన కొల్లేరుకి గూడబాతులు ఎలాగో ఇక్కడ బాతులు అలాగ, ఇంతింత పెద్దవి, మనుషులంటే లెక్కే లేదు. ఒకటి నా చేతిలో జంతిక పట్టుకుపోయింది.

చిన్నోడు సీసాతో లేక్ నీళ్ళు తెమ్మన్నాడు కదా. చేతిసంచిలో అన్ని నీళ్ళు రానివ్వరు. చిన్న సీసాలో పట్టి, అమ్మమ్మ పాతచీరలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాను. ఈ సంగతి అమ్మమ్మకి ఇంకా తెలీదు, మీరూ చెప్పకండి. కాచి చల్లార్చాకే రుచి చూడాలి, నాలాగా కాదు.

మీ
తాతయ్య