24 రాత్రి మాంసం లేని భోజనం: ఆ నియమం ఎక్కడిది?

క్రిస్మస్ రోజు బిర్యానీ ఘుమఘుమలాడే విశాఖలోనే, ముందురోజు రాత్రి మాంసం ముట్టని ఇళ్లూ ఉన్నాయి. ఎందుకని పిల్లలు అడిగితే "పెద్దలనాటి నుంచీ అంతే" అంటారు. నిజానికి దాని వెనక ఉన్నది చర్చి చట్టం.

1846లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న అన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖ వచ్చారు. వాళ్ల కతోలిక సంప్రదాయంలో పెద్ద పండుగ ముందురోజు ఒక్కపొద్దు. 1917 నాటి కతోలిక చర్చి చట్టగ్రంథం దాన్ని గట్టిగా రాసిపెట్టింది: క్రిస్మస్ ముందురోజు ఒక్కపూటే కడుపునిండా తినాలి, మాంసమే కాదు, మాంసం ఉడికించిన నీళ్లూ కూడదు. గుడ్లు, పాలు, పెరుగుకు అడ్డు లేదు. 1966లో ఆరవ పౌలు పోపు ఉపవాస నియమాలను సడలించినప్పుడు ఈ రోజు ఆ జాబితాలోంచి పోయింది. ఇప్పుడు ఆ రోజుకు మిగిలిందల్లా, పూజలో దివ్యసత్ప్రసాదం (పవిత్ర రొట్టె) తీసుకోవడానికి గంట ముందు నుంచి ఏమీ తినకపోవడమే. కాబట్టి 24న కోడికూర వండితే తప్పేమీ లేదు. కానీ తెల్లారితే ఎలాగూ పండుగ భోజనమే కదా, ముందురోజు తేలిగ్గా తిన్నవాళ్లకే దాని రుచి తెలుస్తుంది.

ప్రొటెస్టెంట్లకు ఈ నిషేధం లేదు. భోజనానికి ముందు చదివే వాక్యానికి మాత్రం ఈ ఊరితో గట్టి సంబంధముంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఇక్కడికొచ్చిన క్రాన్, డెగ్రాంజెస్‌లు క్రైస్తవుడిగా మారిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేశారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. లూకా 2వ అధ్యాయం మొదటి 14 వచనాలు చదవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. వడ్డించాక చదివితే పిల్లల చూపంతా కంచం మీదే ఉంటుంది, ముందే చదవాలి.

వంటకు పులగం, గుమ్మడికాయ దప్పళం సరిపోతాయి. ఆరుగురికి రెండు గ్లాసుల బియ్యం, గ్లాసు పెసరపప్పు, ఏడు గ్లాసుల నీళ్లు, చెంచాడు మిరియాలు, జీలకర్ర. పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే చాలు, ఎర్రబడితే మెత్తగా ఉడకదు. చల్లారేకొద్దీ పులగం నీళ్లు పీల్చుకుని గట్టిపడుతుంది, పక్కన గ్లాసు మరిగిన నీళ్లుంచుకోండి. దప్పళంలో గుమ్మడి ముక్కలు మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయాలి. ముందే పోస్తే పులుపుకు ముక్క బిరుసెక్కి ఎంతసేపు ఉడికించినా అలాగే ఉంటుంది.

బల్ల మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టే పద్ధతి ఇక్కడిది కాదు. 1839లో హాంబర్గ్‌లో విచర్న్ అనే పాస్టరు, తన ఆశ్రమంలోని పిల్లలు క్రిస్మస్‌కు రోజులు లెక్కపెట్టుకోవడానికి బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపాడు. నవంబరు 30కి దగ్గరి ఆదివారంతో ఆగమనకాలం, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం, మొదలు, అప్పటినుంచి వారానికొకటి వెలిగిస్తారు. అలంకరణకు సరుగుడు కొమ్మలు వాడేవాళ్లు వారం వారం మార్చాలి, ఎండితే నిప్పురవ్వకే అంటుకుంటాయి. పళ్లెంలో తడి ఇసుక పోసి కొవ్వొత్తులు గుచ్చితే అవి ఒరగవు. ఫ్యాన్ ఆపడం మరచిపోతే మైనం ఒకవైపే కారి, నాలుగో ఆదివారానికి మొదటి కొవ్వొత్తి మిగలదు.