కుక్కర్ రబ్బరు కోసం ఎన్ని కొట్లు తిరుగుతాం?

విజయనగరం గంటస్తంభం దగ్గర కుక్కర్ రబ్బరు కొనడానికి వెళ్లాను. మొదటి కొట్లో 120 రూపాయలన్నాడు. అలాంటి కొట్లు చుట్టుపక్కల ఇంకో మూడున్నాయి. కానీ మే నెల ఎండ. పది రూపాయల కోసం ఎవడు తిరుగుతాడులే అని కొనేశాను. సరిగ్గా ఈ ‘ఎవడు తిరుగుతాడులే’ మీదే అమెరికా ఆర్థికవేత్త పీటర్ డైమండ్ 1971లో ఒక పరిశోధన పత్రం రాశాడు.

కొట్లు ఎక్కువైతే పోటీ పెరిగి ధర దిగుతుందని మన నమ్మకం. డైమండ్ లెక్క దానికి అడ్డం తిరిగింది. ఊళ్లో పది కొట్లు, అన్నిట్లోనూ రబ్బరు 100 రూపాయలే అనుకుందాం. ఇంకో కొట్టుకి నడవడం మనకి 10 రూపాయల శ్రమ. ఒక యజమాని ధర 105 చేశాడు. కొట్లోకి వచ్చేసిన మనిషి 5 రూపాయలు మిగుల్చుకోడానికి 10 రూపాయల శ్రమ పడడు, కొనేస్తాడు. మిగతా తొమ్మిది మందికీ ఇదే తోస్తుంది. అందరూ 105కి చేరాక మళ్లీ ఒకడు 110 అంటాడు. ఊళ్లో ఒకే ఒక్క కొట్టుంటే ఎంత అడిగేవాడో, ధర అక్కడిదాకా పాకుతుంది. పోనీ తగ్గిద్దామంటే, తగ్గించిన సంగతి రోడ్డు మీద వెళ్లేవాడికి ఎలా తెలుస్తుంది? ఇందులో ఎవరూ కుమ్మక్కవలేదు. శ్రమ అర్ధరూపాయే అయినా ఫలితం ఇదే, మెట్లు చిన్నవవుతాయంతే. మొదట చదివినప్పుడు నాకిది గారడీలా అనిపించింది. కొనేవాళ్లు వెతుక్కోవాల్సి వచ్చే ఇలాంటి మార్కెట్ల మీద పరిశోధనకే 2010లో ఆయనకి, మరో ఇద్దరితో కలిపి, నోబెల్ వచ్చింది.

నిజం బజారు ఇంత ఘోరంగా ఉండదు. ఎందుకంటే మా పిన్ని లాంటివాళ్లున్నారు, గరిటె కొనాలన్నా నాలుగు కొట్లు ఎక్కి దిగుతారు. రేట్లు తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కలిసి తిరిగే బజారుని హాల్ వేరియన్ అనే మరో అమెరికా ఆర్థికవేత్త 1980లో లెక్కకట్టాడు. తెలిసినవాళ్ల కోసం కొట్టువాడు అప్పుడప్పుడు ధర దించాలి, తెలియనివాళ్ల దగ్గర మళ్లీ ఎక్కించుకోవాలి. డిస్కౌంట్ సేల్ ఎప్పుడొస్తుందో అంతుపట్టనిది అందుకే. తెలిసినవాళ్లు పెరిగేకొద్దీ సగటు ధర దిగుతుంది. అంటే పిన్ని తిరుగుళ్ల లాభంలో నాకూ వాటా ఉంది. ఆవిడతో షాపింగ్‌కి మాత్రం వెళ్లలేను.

1999లో మొదలైన రైతు బజార్లలో ఆ తిరుగుడంతా ఒక బోర్డు చేసేస్తోంది. అందులో రాసేవి పోటీలోంచి పుట్టిన ధరలు కావు, అధికారులు నిర్ణయించినవి. అయినా గేటు బయట తోపుడుబండి దగ్గర బెండకాయలు ఎంతని అడిగితే, బండతను నవ్వి, “లోపల బోర్డు సూసే వచ్చుంటారు బాబూ, మీరే సెప్పండి” అంటాడు.