ముడి విప్పలేని ఆవు

రాత్రి మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ఒక ప్లాస్టిక్ కవర్లో పోసి, వాసన రాకుండా గట్టిగా ముడేసి వీధి చివర కుప్పలో పడేస్తాం. తెల్లారేసరికి అక్కడికి ఆవు వస్తుంది. లోపల తిండి ఉందని వాసన పట్టేస్తుంది. అయితే ఆవుకి పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. గడ్డినైనా నాలుకతో చుట్టి లాక్కుని, పెద్దగా నమలకుండానే మింగుతుంది. కవర్నీ అలాగే మింగేస్తుంది. మనం వేసిన ముడి దాని కడుపులోకి పోతుంది.

ఆ కడుపులో నాలుగు అరలు. మొదటిది పెద్ద పొట్ట, వంద లీటర్లకు పైగానే పడుతుంది. అందులో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులే నిజానికి ఆవుకి వంటవాళ్లు. గడ్డిలోని సెల్యులోజ్ ఒక పొడవాటి గొలుసు. దాని గ్లూకోజ్ పూసల మధ్య ఆక్సిజన్ లంకెలుంటాయి. సూక్ష్మజీవుల ఎంజైములు సరిగ్గా ఆ లంకె దగ్గర తెంపుతాయి. పాలిథీనూ గొలుసే, కానీ అందులో కార్బన్‌ని కార్బనే పట్టుకుని ఉంటుంది. ఎంజైము పట్టు దొరికించుకునే చోటే లేదు. ఎండుగడ్డిని పాలుగా మార్చే పొట్ట ఈ పల్చటి కవర్ ముందు ఓడిపోతుంది.

మేత మెత్తగా నలిగితేనే మూడో అరలోకి దారి దొరుకుతుంది. కవర్ నలగదు, కదలదు. ఏళ్ల తరబడి మింగినవన్నీ తాళ్లు, గుడ్డపీలికలతో పెనవేసుకుని రాయిలాంటి ముద్దవుతాయి. పొట్ట నిండుగానే ఉంటుంది కాబట్టి ఆకలి చచ్చిపోతుంది. వెన్నెముక తేలిన ఆ పశువు పొట్ట చూసి చూడి ఆవనుకునేవాళ్లూ ఉంటారు. పుట్టపర్తిలోని జంతు సంరక్షణ సంస్థ కరుణ సొసైటీ ఇలాంటి ఆవులకు ఎడమ డొక్క కోసి పదుల కిలోల ప్లాస్టిక్ తీయించింది. 2012లో ఈ గోడు సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది.

చట్టం మందం మీద దృష్టి పెట్టింది. క్యారీబ్యాగ్ 2016 నిబంధనల్లో కనీసం 50 మైక్రాన్లుండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందంగా ఉంటే మళ్లీ వాడతారు, చెత్త ఏరేవాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. మంచిదే. కానీ అన్నం మూటగట్టి పారేస్తే 120 మైక్రాన్ల కవరైనా ఆవుకి అదే గతి.

మరి బదులేం వాడాలి? తిరుమలలో లడ్డూల కోసం 2021లో డీఆర్‌డీవో తయారుచేసిన, నేలలో కలిసిపోయే సంచులు వచ్చాయి. ఇలాంటివి కుళ్లాలంటే కంపోస్టు గుంతలో ఉండే వేడి, తడి కావాలి. మురిక్కాలువలో పడేస్తే ఆ వసతి ఉండదు. గుడ్డసంచికీ ఒక లెక్కుంది. పత్తి సాగుకి నీళ్లు, ఎరువులు, పురుగుమందులు కావాలి. వాతావరణానికి చేసే చెరుపులో, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే కొత్త నూలుసంచిని 131 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కగట్టింది. అందుకే ప్రతి దుకాణంలో కొత్త సంచి కొనడం నాకు నచ్చదు. చిరిగిన చీర, పాత ప్యాంటు టైలరుకిస్తే అయిపోతుంది. ఆ పత్తి ఎప్పుడో పండింది, దానికోసం మళ్లీ చేను దున్నక్కర్లేదు.

ఇక తడిచెత్త. మన ఇళ్లలో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు అందులో పడేవి, పశువు వచ్చి తాగేది. ఇప్పుడు తొట్టి లేకపోయినా మూత ఉన్న బకెట్ చాలు. తడిచెత్త కవర్ లేకుండా నేరుగా మున్సిపాలిటీ బండిలోకి వెళ్తుంది. ఆవుకే పెట్టాలనుంటే తొక్కలు, ఆకుకూర కాడలు పెట్టండి. అన్నం ఎక్కువైతే దాని పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది.