ఆఫ్రికాలో పుట్టిన మహిళా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులు: అపోహలు - వాస్తవాలు

బాలికలకు బాస్కెట్‌బాల్ నేర్పే శిక్షకురాలిని కావడం వల్ల, ఆఫ్రికా క్రీడాకారిణుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇంచుమించు ఒకే రకమైన మాటలు వింటుంటాను. వాళ్లు పుట్టుకతోనే పొడగరులని, అమెరికా వాళ్లు తీసుకెళ్లి ఆట నేర్పుతారని, అక్కడి మహిళల ప్రొఫెషనల్ లీగ్ అయిన డబ్ల్యూఎన్‌బీఏలో చోటు దొరికితే ఇక డబ్బుకు లోటుండదని అంటారు. ఇవి ఆ మహిళల శ్రమను తక్కువ చేసే మాటలు. ఎత్తు లేని మన పిల్లలను ఆటకు దూరం చేసేవి కూడా ఇవే కాబట్టి, కాంగో క్రీడాకారిణి మ్వాడి మాబికా కెరీర్‌ను ముందుంచుకుని వీటిని పరిశీలిస్తాను.

అపోహ: ఎత్తే వారి బలం.

వాస్తవం: 1976లో కిన్షాసాలో పుట్టిన మాబికా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. డబ్ల్యూఎన్‌బీఏలో అది అబ్బురపరిచే ఎత్తు కాదు. లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ జట్టులో బాస్కెట్ కింద ఆడే బాధ్యత 6 అడుగుల 5 అంగుళాల లీసా లెస్లీది. గార్డ్‌గా, ఫార్వర్డ్‌గా, అంటే బాస్కెట్‌కు దూరంగా ఉండే స్థానాల్లో, బయటినుంచి ఆడడం మాబికా పని. లెస్లీ చేతికి బంతి అందగానే ఇద్దరు డిఫెండర్లు ఆమెను చుట్టుముడతారు, అక్కడినుంచి బంతి త్రీ పాయింట్ గీత (దీని బయటినుంచి వేసిన బాస్కెట్‌కు మూడు పాయింట్లు) దగ్గరున్న క్రీడాకారిణికి వస్తుంది, డిఫెండర్ తిరిగి పరుగెత్తుకొచ్చేలోగా ఆమె షాట్ వదలాలి. ఇందులో అసలు కష్టం చేతిది కాదు, పాదాలది. పాస్ గాలిలో ఉండగానే పాదాలు రింగువైపు తిరిగి, మోకాళ్లు వంగి సిద్ధంగా ఉండాలి. బంతి చేతికొచ్చాక పాదాలు సర్దుకునే పిల్లల షాట్‌కు డిఫెండర్ అడ్డుపడుతుందని ఏ శిక్షకురాలిని అడిగినా చెబుతుంది. ఈ నైపుణ్యం ఎత్తుతో రాదు, వేలసార్లు చేసిన అభ్యాసంతోనే వస్తుంది. స్పార్క్స్ 2001, 2002లో వరుసగా టైటిల్ గెలిచింది. రెండుసార్లూ మాబికా ఆ జట్టులో ఉంది. 2002లో లీగ్‌లోని మేటి క్రీడాకారిణులు ఆడే ఆల్ స్టార్ పోటీకి కూడా ఎంపికైంది.

అపోహ: వారిని తయారు చేసింది అమెరికా కళాశాలలే.

వాస్తవం: కొందరి విషయంలో కళాశాలల పాత్ర నిజంగానే పెద్దది. మాలీకి చెందిన హాంచెటూ మైగా, మొజాంబిక్‌కు చెందిన క్లారిస్ మచంగ్వానా ఇద్దరూ ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయానికి ఆడి లీగ్‌లోకి వెళ్లారు. మాబికా దారి మాత్రం వేరు. అమెరికా కళాశాలలో ఆడకుండానే, అప్పట్లో జైర్ అని పిలిచే తన దేశపు జట్టు తరఫున 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడింది. 1994లో ఆఫ్రికా విజేతగా నిలిచిన ఆ జట్టు అట్లాంటాలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా 20 ఏళ్ల మాబికా మరుసటి సంవత్సరమే, అంటే డబ్ల్యూఎన్‌బీఏ మొదలైన 1997లోనే, స్పార్క్స్‌లో చేరింది. ఆ స్థాయికి ఆమెను చేర్చిన కిన్షాసా శిక్షణ గురించి రాసేవారు తక్కువ కావడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: ఆఫ్రికా జాతీయ జట్లు ప్రపంచ స్థాయిలో నిలవలేవు.

వాస్తవం: 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియాపై నైజీరియా గెలిచేవరకు, ఒలింపిక్ మహిళల బాస్కెట్‌బాల్‌లో ఆఫ్రికా జట్టు గెలుపన్నదే లేదు. 2024 పారిస్‌లో అదే నైజీరియా ఆస్ట్రేలియాను, కెనడాను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. పురుషులలోనైనా, మహిళలలోనైనా అంతకుముందు ఏ ఆఫ్రికా జట్టూ అంతవరకు వెళ్లలేదు. అయితే ఆ జట్టులో అమెరికాలో పుట్టిన నైజీరియా సంతతి వారే ఎక్కువ మంది. అందుచేత ఈ విజయాన్ని ఖండంలోని శిక్షణ వ్యవస్థ ఖాతాలో మొత్తంగా వేయడం సరికాదు.

అపోహ: డబ్ల్యూఎన్‌బీఏలో చోటు దొరికితే ఆర్థికంగా స్థిరపడినట్లే.

వాస్తవం: 2020 ఒప్పందానికి ముందు ఆ లీగ్‌లో గరిష్ఠ జీతం ఏడాదికి సుమారు 1,17,500 డాలర్లు మాత్రమే. కొత్తగా వచ్చినవారికి అందులో సగం కంటే తక్కువే దక్కేది. లీగ్ వేసవిలోనే జరుగుతుంది గనుక చాలామంది చలికాలమంతా ఐరోపా క్లబ్బులకు ఆడేవారు. మధ్యలో సొంత దేశం తరఫున ఆడే ఆఫ్రోబాస్కెట్ (ఆఫ్రికా ఖండపు చాంపియన్‌షిప్) పోటీలు కూడా ఉంటాయి. ఏడాది పొడవునా విశ్రాంతి లేకుండా ఆడే మోకాళ్లకు, చీలమండలకు ఏమవుతుందో మా వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: పౌరసత్వం మార్చుకుంటే ఏ దేశానికైనా సులభంగా ఆడవచ్చు.

వాస్తవం: 16 ఏళ్లు నిండాక మరో దేశపు పౌరసత్వం పొందిన క్రీడాకారిణులలో ఒక్కరినే జాతీయ జట్టులో ఉంచుకోవచ్చని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమం చెబుతుంది. అంటే ఆ దేశానికి అలా వచ్చిన వారందరూ ఒక్క స్థానం కోసమే పోటీపడాలి. డకార్‌లో పుట్టి స్పెయిన్‌లో స్థిరపడిన అస్తూ ఎన్డూర్, సెయింట్ విన్సెంట్‌లో పుట్టిన సాంచో లిటిల్‌తో ఆ స్థానానికి పోటీ ఎదుర్కొంది. 2016 రియోలో రజతం గెలిచిన స్పెయిన్ జట్టులో ఆడిన ఎన్డూర్, 2019లో స్పెయిన్ ఐరోపా టైటిల్ గెలిచినప్పుడు టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. 2021లో షికాగో స్కై జట్టుతో డబ్ల్యూఎన్‌బీఏ టైటిల్ కూడా అందుకుంది.